అందాజా లెక్కలు – 4వ పాఠం: బ్లాక్ హోల్ మన పక్కనుంచి పోతే

ముందు పోయినసారి ఇచ్చిన లెక్క సంగతి చూద్దాం. సూర్యుడు చంద్రుడి కంటే 2.7 కోట్ల రెట్లు బరువు, 390 రెట్లు దూరం. సముద్రంలో ఆటుపోట్లు ఎవరి వల్ల ఎక్కువ వస్తాయి అని అడిగాను.

390ని 390తో ఒకసారి హెచ్చించి ఆగితే 1,52,100 వస్తుంది. 2.7 కోట్లను దానితో భాగిస్తే 178. అంటే సూర్యుడు మనల్ని చంద్రుడి కంటే 178 రెట్లు గట్టిగా లాగుతున్నాడు. ఇది నిజమే, కానీ అడిగింది ఇది కాదు. ఆటుపోటు లాగుడు వల్ల రాదు, లాగుడులో ఉన్న తేడా వల్ల వస్తుంది. భూమికి ఇటువైపు ఉన్న నీళ్లను కొంచెం ఎక్కువగా, అటువైపు నీళ్లను కొంచెం తక్కువగా లాగితే ఆ తేడాకే సముద్రం పొంగుతుంది. తేడా కావాలంటే దూరాన్ని మూడోసారి కూడా హెచ్చించాలి. 390 క్యూబ్ సుమారు 5.9 కోట్లు. 2.7ని 5.9తో భాగిస్తే 0.46. సూర్యుడి ఆటుపోటు చంద్రుడి దాంట్లో సగం కూడా లేదు.

వరంగల్లో ఉన్నవాళ్లకు సముద్రం ఎక్కడిది, భద్రకాళి చెరువులో పోటు ఎప్పుడు చూశాం అంటారా? నీళ్లే కాదు, గట్టి నేల కూడా ఈ తేడాకు రోజూ లేచి దిగుతుంది. ఎక్కువలో ఎక్కువ ఒక అడుగు, అంటే 30 సెంటీమీటర్ల దాకా. వేయిస్తంభాల గుడి, దాని చుట్టూ ఉన్న హనుమకొండ, కాజీపేట జంక్షన్ అన్నీ కలిసే లేస్తాయి కాబట్టి ఎవరికీ తెలియదు.

లాగుడుకు స్క్వేర్, తేడాకు క్యూబ్. ఈ పాఠమంతా ఈ రెండింటి మీదే నడుస్తుంది. ఎక్కడ తికమక అనిపించినా వెనక్కి వచ్చి ఈ లెక్క మళ్లీ వేయండి.

ఈ వారం ప్రశ్న

మొదటి పాఠంలో భద్రకాళి చెరువు నీళ్లను ట్యాంకర్లలో కొలిచాం. రెండోదాంట్లో ఎనుమాముల మార్కెట్‌కు వచ్చే మిర్చి బస్తాలను అందాజా కట్టాం. ఈసారి ప్రశ్న ఒక ఇంటర్ పిల్లవాడు పంపించాడు, ఫోన్‌లో తిరుగుతున్న ఒక వీడియోతో సహా. అందులో నల్లటి సుడిగుండం ఒకటి వచ్చి ముందు సముద్రాలను, తర్వాత ఊళ్లను, చివరికి భూమినే మింగేస్తుంది. కింద పిల్లవాడి మాట: "బ్లాక్ హోల్ మన పక్కపొంటి పోతే గిట్లనే గుంజుకుంటదా సార్?"

బ్లాక్ హోల్ అంటే వెలుగు కూడా బయటికి రాలేనంతగా చిన్న చోట కుక్కుకుపోయిన బరువు. అవుననో కాదనో ఒక్క ముక్కలో చెప్పే ప్రశ్న కాదిది. ముందు మూడు సంగతులు అడగాలి. ఎంత బరువు, ఎంత దూరం, ఎంత వేగం? ఈ మూడూ చెప్పని వీడియోను నమ్మాల్సిన పని లేదు. అవి చెబితే మాత్రం కాగితం తీసి మనమే తేల్చుకోవచ్చు.

కొలతలు మాత్రం మనకు అనువైనవి పెట్టుకుందాం. బరువుకు సూర్యుడే 1. దూరానికి సూర్యుడి నుంచి భూమికి ఉన్న 15 కోట్ల కిలోమీటర్లే 1, దాన్ని 'సూర్యదూరం' అందాం. కాలానికి ఏడాది 1. ఇలా పెట్టుకుంటే ఇంటర్‌లో బట్టీ పట్టిన గురుత్వ స్థిరాంకం, 6.67 పక్కన మైనస్ 11 పవర్ల గోల ఉండదు. సూర్యుడు భూమిని లాగే లాగుడు కూడా 1 అవుతుంది, మిగతావన్నీ దానికి ఎన్ని రెట్లు, ఎన్నో వంతు అని చూసుకుంటే చాలు.

బరువు, సైజు

ఇది తొందరగా అయిపోతుంది. జర్మన్ శాస్త్రవేత్త కార్ల్ ష్వార్జ్‌చైల్డ్ 1916లో రాసిన లెక్క ప్రకారం ఒక సూర్యుడంత బరువున్న బ్లాక్ హోల్ వ్యాసార్ధం సుమారు 3 కిలోమీటర్లు. బరువు ఎన్ని రెట్లయితే వ్యాసార్ధం అన్ని రెట్లు. ఇక్కడ స్క్వేర్ లేదు, క్యూబ్ లేదు.

మన లెక్కకు 10 సూర్యుళ్ల బరువున్న దాన్ని తీసుకుందాం. ఊరికే పెట్టిన అంకె కాదు. మనకు తెలిసిన బ్లాక్ హోల్స్‌లో అన్నింటికంటే దగ్గరది, 2022లో గయా అంతరిక్ష నౌక కొలతల్లో బయటపడిన గయా బీహెచ్1, 9.6 సూర్యుళ్ల బరువుంది. 10 సూర్యుళ్లకు వ్యాసార్ధం 30 కిలోమీటర్లు, అంటే ఈ అంచు నుంచి ఆ అంచుకు 60. దాదాపు వరంగల్ నుంచి జనగామకు పోయినంత. భూమంత బరువున్న బ్లాక్ హోల్ అయితే వ్యాసార్ధం 9 మిల్లీమీటర్లే. పిల్లలు ఆడుకునే గోలీకాయంత.

వీడియోలో ఆకాశం నిండా పరుచుకున్న ఆ నల్ల సుడిగుండం ఇక్కడే తేలిపోయింది. 15 కోట్ల కిలోమీటర్ల దూరంలో 60 కిలోమీటర్ల నల్లటి వస్తువు కంటికి ఆనదు. చుట్టూ గ్యాస్ లేకపోతే వెలుగూ ఉండదు. వచ్చినా మనకు కనిపించకుండానే వస్తుంది.

లాగుడును తీసివేయడం

అసలు పాఠం ఇక్కడ మొదలవుతుంది. నిదానంగా పోదాం.

ముందు 'గుంజుకుంటదా' అన్న మాట. ఈ క్షణంలో సూర్యుడు అంతే బరువున్న బ్లాక్ హోల్‌గా మారిపోయాడనుకోండి. బరువు 1, దూరం 1. లాగుడు? ఒకటిని ఒకటి స్క్వేర్‌తో భాగిస్తే మళ్లీ 1. ఏం మారలేదు. భూమి అదే దారిలో అదే 365 రోజులకు చుట్టు తిరుగుతుంది. వెలుగు లేక గడ్డకట్టి చస్తాం, అది వేరే సంగతి, కానీ ఎవరూ మనల్ని మింగరు. దూరం నుంచి చూస్తే బ్లాక్ హోల్ కూడా ఒక బరువే. పీల్చుకునే ప్రత్యేక శక్తి దానికి లేదు.

ఇప్పుడు 10 సూర్యుళ్ల బ్లాక్ హోల్‌ను నెప్ట్యూన్ ఉన్నంత దూరంలో, అంటే 30 సూర్యదూరాల దగ్గర పెడదాం. లాగుడు 10ని 900తో భాగిస్తే 0.011. సూర్యుడి లాగుడులో నూటికి ఒక వంతు పైచిలుకు. 'అమ్మో, ఒక శాతం!' అని టెన్షన్ పడటం ఇక్కడే మొదలవుతుంది. కానీ ఆ బ్లాక్ హోల్ భూమి ఒక్కదాన్నే లాగడం లేదు, సూర్యుణ్ని కూడా లాగుతోంది. ఇద్దరూ ఒకే తీరుగా అటు జరిగితే భూమికీ సూర్యుడికీ మధ్య సంసారంలో మార్పేమీ రాదు. చూడాల్సింది ఇద్దరి మీద లాగుడులో తేడా.

కాగితం మీద వేయండి. భూమి బ్లాక్ హోల్ వైపున ఉందనుకుంటే దాని దూరం 29. 10ని 841తో భాగిస్తే 0.01189. సూర్యుడి దూరం 30, లాగుడు 0.01111. తీసివేస్తే 0.00078. ఒక శాతం కాస్తా పదమూడు వందల్లో ఒక వంతు అయింది. ఇదే తేడాను ఒక్క అడుగులో రాబట్టే అడ్డదారి ఒకటుంది. బరువును రెండింతలు చేసి దూరం క్యూబ్‌తో భాగించాలి. 20ని 27,000తో భాగిస్తే 0.00074. అందాజాకు రెండూ ఒకటే.

అడ్డదారి దొరికింది కాబట్టి దూరం మారుస్తూ పోదాం. 100 సూర్యదూరాల దగ్గర 20ని 10 లక్షలతో భాగిస్తే 50 వేలలో ఒక వంతు. శని దాకా, 10 సూర్యదూరాలకు, వస్తే వెయ్యితో భాగించాలి, 50లో ఒక వంతు. గురుడు ఉండే 5 దగ్గర 0.16. మూడుకు వచ్చేసరికి అడ్డదారి పని చేయదు, దూరంతో పోలిస్తే మన కక్ష్యే పెద్దదైపోతుంది కాబట్టి. అప్పుడు మళ్లీ మొదటి పద్ధతే: భూమి దూరం 2, లాగుడు 10ని 4తో భాగిస్తే 2.5. సూర్యుడిది 10ని 9తో భాగిస్తే 1.1. తేడా 1.4. సూర్యుడి పట్టు 1 మాత్రమే. తేడా పట్టును మించింది, అంటే భూమి సూర్యుడి చేయి జారిపోతోంది.

దూరం పదింతలు తగ్గితే తేడా వెయ్యింతలు పెరుగుతుంది. చాలాసేపు ఏమీ జరగనట్టే ఉండి, చివర్లో అంతా ఒక్కసారే మీద పడుతుంది. ఇలాంటి చోట ఇంకా దగ్గరకొస్తే ఎంత అవుతుందో ఊహతో పొడిగించకండి, ప్రతిసారీ కొత్తగా క్యూబ్ వేయండి.

వేగం: ఎంతసేపు ఉంటుంది

శని దూరంలో 50లో ఒక వంతు అన్నాం. అది మనల్ని ఏం చేస్తుందో చెప్పాలంటే ఎంతకాలం లాగుతుందో తెలియాలి. నిమిషం లాగి వదిలేస్తే నష్టమేమీ ఉండదు.

ఒంటరిగా తిరిగే బ్లాక్ హోల్ వేగం ఎంత ఉంటుందో ఊహించనవసరం లేదు, కొలిచినది ఒకటుంది. 2011లో ఒక దూరపు నక్షత్రం వెలుగు ఉన్నట్టుండి పెరిగి తగ్గింది. దాని ముందు నుంచి ఏదో బరువైన చీకటి వస్తువు పోతూ ఆ వెలుగును వంచింది. హబుల్ టెలిస్కోపుతో ఏళ్ల తరబడి గమనించి, అది సుమారు 7 సూర్యుళ్ల బరువున్న ఒంటరి బ్లాక్ హోల్ అని 2022లో ప్రకటించారు. మనకు 5 వేల కాంతి సంవత్సరాల దూరం, వేగం సెకనుకు సుమారు 45 కిలోమీటర్లు. ఆ వేగమే తీసుకుందాం.

45తో బయలుదేరినది సూర్యుడి వైపు పడుతూ వేగం పుంజుకుంటుంది. 10 సూర్యదూరాల దగ్గర సెకనుకు 60 దాటుతుంది, అంటే ఏడాదికి సుమారు 13 సూర్యదూరాలు. దగ్గరగా ఉన్నట్టు లెక్క పెట్టాల్సిన దారి అటూ ఇటూ కలిపి ఒక 20. కాబట్టి ఏడాదిన్నర.

ఇక తోపు ఎంత? భూమి సెకనుకు 30 కిలోమీటర్ల వేగంతో తిరుగుతోంది. సూర్యుడి లాగుడు ఆ వేగాన్ని ఏడాదిలో పూర్తి చుట్టు తిప్పుతుంది. ఆ తిప్పే పనంతా ఒకే దిక్కున పెట్టి ఉంటే 30ని 6.28తో హెచ్చించి 188 కిలోమీటర్ల వేగం వచ్చేది. (6.28 ఎక్కడిదంటారా, రెండు పైలు. వృత్తం కదా.) అందులో 50వ వంతు 3.8. ఏడాదిన్నరకు 5.6. ఇది పై హద్దు మాత్రమే. ఆ ఏడాదిన్నరలో భూమి ఒకటిన్నర చుట్లు తిరుగుతుంది కాబట్టి ఒకవైపు ముందుకు తోసినది ఇంకోవైపు వెనక్కి లాగి చాలావరకు కొట్టివేస్తుంది. సగం మిగిలిందనుకుంటే సుమారు 3. ముప్ఫైలో మూడు, పదో వంతు.

వేగం పదో వంతు మారితే కక్ష్య కూడా అంతే మేర సాగుతుందని అందాజా పెట్టుకోండి. ఇప్పుడు మన కక్ష్య దాదాపు గుండ్రం. జనవరి మొదట్లో 14.7 కోట్ల కిలోమీటర్లు, జూలైలో 15.2 కోట్లు. అది 13.5, 16.5 అయితే? దగ్గర ఉన్నప్పుడు ఎండ 0.9 స్క్వేర్‌తో భాగిస్తే 1.23 రెట్లు. ఉష్ణోగ్రత ఎండతో పాటు అంత వేగంగా పెరగదు, దానికి నాలుగో మూలం తీయాలి. ఫోన్‌లో వర్గమూలం గుర్తు రెండుసార్లు నొక్కితే అదే. 1.05 వస్తుంది. భూమి సగటు ఉష్ణోగ్రత కెల్విన్‌లో 288, అందులో నూటికి 5 అంటే దాదాపు 15 డిగ్రీలు. దూరంగా పోయినప్పుడు ఇదే లెక్క తిరగేస్తే 13 డిగ్రీల చలి.

సముద్రాలు వేడిని నిదానంగా తీసుకుని నిదానంగా వదులుతాయి కాబట్టి ఈ 15 కూడా పై హద్దే. కానీ రామగుండంలో మే నెల 45 దాటే ఎండ తెలిసినవాళ్లకు ఇందులో మూడో వంతు కలిసినా సంగతి అర్థమవుతుంది. పైగా ఇది ఒక వేసవితో పోయేది కాదు. బ్లాక్ హోల్ ఎప్పుడో వెళ్లిపోతుంది, సాగిన కక్ష్య మాత్రం ఉండిపోతుంది. వానాకాలం ఎప్పుడు వస్తుంది, వరి నారు ఎప్పుడు పోయాలి అన్నది దగ్గరి కొస ఏ నెలలో పడిందన్న దాన్ని బట్టి ఉంటుంది. శని, గురుడు, యురేనస్, నెప్ట్యూన్ల కక్ష్యలు మనకంటే ఘోరంగా దెబ్బతింటాయి. అవి మళ్లీ మన కక్ష్యను కదుపుతాయి. ఆ లెక్క కాగితం మీద కుదరదు, కంప్యూటర్ కావాలి.

మరి ఆ పెద్ద అలలు?

వీడియోలో ముందుగా వచ్చేవి అవే. ఆటుపోటు లెక్క మనకు వచ్చు కాబట్టి 10 సూర్యుళ్ల బ్లాక్ హోల్ ఎంత దగ్గరకొస్తే చంద్రుడంత పోటు తెస్తుందో చూద్దాం. బరువు 27 కోట్ల చంద్రుళ్లు. దాని క్యూబ్ రూట్ సుమారు 646. చంద్రుడి దూరం 3.84 లక్షల కిలోమీటర్లను 646తో హెచ్చిస్తే 24.8 కోట్ల కిలోమీటర్లు. అంటే 1.66 సూర్యదూరాలు.

ఆ దూరంలో లాగుడు ఎంత? 10ని 1.66 స్క్వేర్‌తో భాగిస్తే 3.6. సూర్యుడి కంటే మూడున్నర రెట్లకు పైగా. సముద్రంలో పోటు ఇప్పుడున్న దానికి రెట్టింపు అయ్యే వేళకు భూమి సూర్యుణ్ని ఎప్పుడో వదిలేసి ఉంటుంది. విశాఖ బీచ్‌లో నీళ్లు రోజూ కంటే కొంచెం పైకి వస్తాయి, కానీ అప్పటికి సూర్యుడు ఆకాశంలో చిన్నబోతూ ఉంటాడు. వీడియో వరస తిరగబడింది. ముందు పోయేది కక్ష్య, అలలు తర్వాతి మాట. వీడియో చేసినవాళ్లను తప్పుపట్టలేం లెండి, కక్ష్య పదో వంతు సాగడాన్ని తెర మీద చూపించలేరు.

భూమి ముక్కలవడం కూడా మింగడం వల్ల కాదు. ఫ్రెంచ్ శాస్త్రవేత్త ఎడ్వర్డ్ రోష్ 1848లో చెప్పిన హద్దు ఒకటుంది. బరువుల నిష్పత్తికి క్యూబ్ రూట్ తీసి, మన వ్యాసార్ధంతో, ఆపైన 2.44తో హెచ్చించాలి. 10 సూర్యుళ్లు 33.3 లక్షల భూములకు సమానం, క్యూబ్ రూట్ 149. 149ని 6,371తో, 2.44తో హెచ్చిస్తే సుమారు 23 లక్షల కిలోమీటర్లు. చంద్రుడి దూరానికి ఆరు రెట్లు. అంత దగ్గరకొస్తే పోటు తేడాకే భూమి చీలిపోతుంది. నోరు 30 కిలోమీటర్లు, చీల్చే హద్దు 23 లక్షలు.

ముందే తెలుస్తుందా

కంటికి కనిపించదన్నాం. కానీ యురేనస్ దారిలో చిన్న తేడా పట్టుకుని, కనిపించని నెప్ట్యూన్ ఎక్కడుందో ఫ్రెంచ్ ఖగోళవేత్త లవెరియే కాగితం మీదే చెప్పాడు. 1846 సెప్టెంబర్ 23 రాత్రి బెర్లిన్‌లో గాలె అనే ఖగోళవేత్త టెలిస్కోప్ తిప్పితే దాదాపు చెప్పిన చోటే దొరికింది. మనమూ అదే పని చేద్దాం.

బ్లాక్ హోల్‌ను వెయ్యి సూర్యదూరాల అవతల పెట్టండి. తేడా 20ని వంద కోట్లతో భాగిస్తే 5 కోట్లలో ఒక వంతు. 188 కిలోమీటర్లలో 5 కోట్ల వంతు సెకనుకు 4 మిల్లీమీటర్ల లోపు. చీమ నడకే, కానీ ఏడాదిలో 3.15 కోట్ల సెకన్లున్నాయి. సగటున సగం వేగం పెట్టి హెచ్చిస్తే 60 కిలోమీటర్ల జరుగుడు. చుట్టు తిరగడంలో ఎక్కువ భాగం కొట్టివేసుకుపోయినా కొన్ని కిలోమీటర్లు మిగులుతాయి. కుజుడి చుట్టూ తిరిగే నౌకలకు రేడియో సంకేతాలు పంపి ఇక్కడి నుంచి కుజుడికి ఉన్న దూరాన్ని మీటరు తేడాతో కొలుస్తున్నారు. కిలోమీటర్ల జరుగుడు దాగదు. ఏడాదికి తొమ్మిదిన్నర సూర్యదూరాల వేగంతో వెయ్యి దాటడానికి నూరేళ్లు పడుతుంది కాబట్టి, నూరేళ్ల ముందే కబురు అందుతుంది. చేయగలిగింది ఏమైనా ఉందా అంటే అది ఈ పాఠంలోని లెక్క కాదు.

గురుత్వ తరంగాలను పట్టే లైగో యంత్రం చెబుతుంది కదా అని అడిగేవాళ్లు ఉంటారు. మన నిర్మల్, భైంసా దాటి నాందేడ్ మీదుగా పోతే వచ్చే హింగోలి జిల్లాలో లైగో-ఇండియా కట్టడానికి 2023లో కేంద్రం ఒప్పుకుంది. గొప్ప సంగతే. కానీ లైగో పట్టుకునేది రెండు బ్లాక్ హోల్స్ లాంటి బరువైనవి ఒకదాని చుట్టూ ఒకటి తిరిగి ఢీకొన్నప్పుడు లేచే తరంగాలను. 2015 సెప్టెంబర్ 14న మొదటిసారి అందినవి అలాంటివే. ఒంటరిగా నడిచిపోయేది దానికి చిక్కదు.

అవకాశం ఎంత

గయా బీహెచ్1 దూరం 1,560 కాంతి సంవత్సరాలు. కానీ అది మనకు తెలిసినవాటిలో దగ్గరది మాత్రమే. తోడు నక్షత్రం లేనివి దొరకడం చాలా అరుదు కదా. మన పాలపుంతలో మొత్తం 10 కోట్ల బ్లాక్ హోల్స్ ఉంటాయని ఒక అంచనా. పాలపుంతను లక్ష కాంతి సంవత్సరాల వెడల్పు, వెయ్యి మందం ఉన్న పళ్లెం అనుకుంటే ఘనపరిమాణం 7.85 లక్షల కోట్లు. పంచితే ఒక్కోదానికి 78,500. క్యూబ్ రూట్ 43. అంటే సగటున 43 కాంతి సంవత్సరాల గదికి ఒకటి. 1,560తో పోలిస్తే ఇది ఇంటి పక్కనే అనిపిస్తుంది. ఆగండి, లెక్క కాలేదు.

సూర్యుడి చుట్టూ 10 సూర్యదూరాల వ్యాసార్ధంతో ఒక గుండ్రటి కిటికీ ఊహించండి. వైశాల్యం 314. ఏడాదికి 9.5 చొప్పున జరిగితే అది తుడిచే చోటు సుమారు 3,000 ఘన సూర్యదూరాలు. బరువులు ఒకదాన్నొకటి దగ్గరకు లాక్కుంటాయి కాబట్టి రెండింతలు చేసి 6,000 అనండి. ఇక ఒక్కో బ్లాక్ హోల్ గది ఎంత? ఒక కాంతి సంవత్సరం 63 వేల సూర్యదూరాలు. 63 వేల క్యూబ్‌ను 78,500తో హెచ్చిస్తే 2 పక్కన 19 సున్నాలు. దాన్ని 6,000తో భాగిస్తే 3 పక్కన 15 సున్నాల ఏళ్లు. భూమి వయసు 4 పక్కన 9 సున్నాలు దాటి కొంచెం. భూమి పుట్టినప్పటి నుంచి ఇప్పటిదాకా ఇది ఒక్కసారి జరిగి ఉండే అవకాశం ఏడు లక్షల్లో ఒక వంతు.

చిన్నవి

పెద్దవి రావు, సరే. విశ్వం పుట్టిన కొత్తలోనే ఏర్పడిన బుల్లి బ్లాక్ హోల్స్ ఉండవచ్చని ఒక ఆలోచన ఉంది. ఒక్కటి కూడా ఇంతవరకు దొరకలేదు. విశ్వంలో కంటికి కనిపించకుండా బరువు మాత్రం చూపే కృష్ణపదార్థం అంతా ఇవే అయితే, గ్రహశకలమంత బరువున్నది ఒకటి పదేళ్లకోసారి మన గ్రహాల మధ్య నుంచి సెకనుకు 200 కిలోమీటర్లతో దూసుకుపోతుందని, కుజుడి దారి మీటరు మేర ఊగుతుందేమో చూడాలని 2024లో ఎంఐటీ పరిశోధకులు రాశారు.

అలాంటిది ఏకంగా హనుమకొండ చౌరస్తాలో నేలలోకి దిగిందనుకుందాం. బరువు 1 పక్కన 17 సున్నాల కిలోలు. సైజు ఒక అణువంత. భూమి బరువులో 6 కోట్లలో ఒక వంతు. 6 కోట్ల వర్గమూలం 7,700. భూమి వ్యాసార్ధం 6,371 కిలోమీటర్లను దానితో భాగిస్తే 830 మీటర్లు. చౌరస్తా నుంచి 830 మీటర్ల దూరంలో నిలబడ్డవారిని అది భూమి లాగినంత గట్టిగా లాగుతుంది. భయపడేముందు మూడో ప్రశ్న వేయండి: ఎంతసేపు? అటూ ఇటూ కలిపి 1,660 మీటర్లు, సెకనుకు 2 లక్షల మీటర్లు, 8 మిల్లీసెకన్లు. భూమి లాగుడు ఒక సెకనులో సుమారు 10 మీటర్ల వేగం ఇస్తుంది కాబట్టి 10ని 0.008తో హెచ్చిస్తే సెకనుకు 8 సెంటీమీటర్ల తోపు. బస్సులో పక్కవారి భుజం తగిలినంత. కానీ దారికి 8 మీటర్లలో ఉంటే లాగుడు పది వేల రెట్లు, సమయం నూరో వంతు, తోపు సెకనుకు 8 మీటర్లు. ఎముకలు మిగలవు. 64 సెకన్లలో భూమి అవతలి వైపు తేలుతుంది.

ఈ చివరి సంగతే ఒక వాదాన్ని కూల్చింది. 1908 జూన్ 30న సైబీరియాలోని తుంగుస్కా అడవిని నేలమట్టం చేసింది బుల్లి బ్లాక్ హోల్ అని 1973లో ఇద్దరు శాస్త్రవేత్తలు ప్రతిపాదించారు. మరి లోపలికి పోయినది అట్లాంటిక్‌లో బయటికి వచ్చి ఉండాలి కదా? అక్కడ అలాంటి జాడేదీ లేదు.

మీరు వేయాల్సినవి

2024లో బయటపడిన గయా బీహెచ్3 బరువు 33 సూర్యుళ్లు. మన 10 సూర్యుళ్ల బ్లాక్ హోల్ శని దగ్గర చేసిన పనిని ఇది ఎంత దూరం నుంచే చేస్తుంది? 33 సూర్యదూరాలు అని రాస్తే పాఠం మొదటి నుంచి చదవండి.

నెప్ట్యూన్ అవతల దాగి ఉందని అనుమానిస్తున్న తొమ్మిదో గ్రహం అసలు గ్రహం కాదని, 5 భూముల బరువున్న బ్లాక్ హోల్ కావచ్చని కొందరన్నారు. దాని వ్యాసం ఎన్ని సెంటీమీటర్లు? అది చంద్రుడున్న చోటికి వస్తే ఆటుపోటు ఎన్ని రెట్లవుతుంది? భూమి చంద్రుడికి 81 రెట్లు అన్నది గుర్తుంటే రెండు లైన్ల పని.

చంద్రుణ్ని తీసేసి అంతే బరువున్న బ్లాక్ హోల్‌ను అదే చోట పెట్టారు. కాకినాడలో ఆటుపోట్లకు ఏమవుతుంది, వరంగల్లో పున్నమికి ఏమవుతుంది? లెక్క వేయకుండా జవాబు రాసి, తర్వాత లెక్క వేసి సరిచూసుకోండి.